తరళకు కొట్టిన మేకు

పిల్లలూ, కదలని నది కావాలని కోరుకున్న రాజ్యం ఒకటి ఉండేది. ఆ కోరిక తీరింది కూడా. ఈ కథలో ఉన్న ఏడుపంతా అది తీరడం వల్ల వచ్చిందే.

ఆ రాజ్యం పేరు పులినపురం. తరళా నది ఒడ్డున ఉండేది. తరళ చల్లని తల్లే గాని, ఎప్పుడు ఎలా ఉంటుందో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఒక ఏడు మోకాలి లోతున పారి పైరును ఎండగట్టేది. మరో ఏడు ఇళ్ళ చూరులు అందుకునేది. అందుకని పూర్వం ఆ ఊళ్ళో ప్రతి ఇంటి వసారాలోనూ దూలానికి ఒక దోనె వేలాడేది. ఒకే మాను తొలిచి చేసిన చిన్న పడవ అది. తొలకరికి ముందు ఒక మంచిరోజు చూసి, ఇంటిల్లిపాదీ నిచ్చెన వేసుకుని అందులోకి ఎక్కి కూర్చునేవారు. అందరికీ చోటు సరిపోతే సరే. కొత్తగా కోడలో, మనవడో వచ్చి చోటు చాలకపోతే, వానలు పడేలోగా ఇంకో దోనె తొలిపించేవారు. దీన్ని దోనె పండగ అనేవారు. ఇక వరద ఎంత వస్తే వారికేం? తాడు కోసుకుని, తేలుతూ పోయి, నీరు తీశాక తిరిగి వచ్చేవారు.

ధృతకీర్తి మహారాజు కాలంలో ఈ ఆచారం పోయింది. ఒక వరదలో ఆయన కొడుకులిద్దరూ నదిలోని లంకలో చిక్కుకుని కొట్టుకుపోయారు. కడుపుకోతకు గురైన ఆ తండ్రి నది పొడుగునా మట్టికట్ట పోయించాడు. కట్ట ఎత్తు పెరిగేకొద్దీ జనానికి ధైర్యం పెరిగింది. కట్ట కింద ఇళ్ళు వెలిశాయి, అంగళ్ళు వెలిశాయి. "ఇంత కట్ట ఉండగా ఇంట్లో ఈ దుంగలెందుకు?" అని దోనెలను దించి గేదెలకు కుడితి తొట్లు చేసుకున్నారు. ఆ తరువాత ఒక ఏడు తరళ కట్టను దాటి వచ్చింది. దోనెలు లేని ఊరు కనుక ఆ ఏడు ఏడ్వని ఇల్లు లేదు.

అప్పుడు రాజూ, ప్రజలూ ఒక్కమాట అన్నారు. "ఎంత వస్తుందో తెలియని నీళ్ళు మాకొద్దు."

ఆ మాట విని శంకుమాలి అనే మాంత్రికుడు వచ్చాడు. అతడికి జలస్తంభన విద్య తెలుసు. తరళ కొండల్లోంచి బయటపడే కనుమ దగ్గరకు పోయి, నది అడుగున ఒక ఇనుప మేకు కొట్టాడు. అంతే, నది ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. అల లేదు, సుడి లేదు. ఆ క్షణాన నీటిలో ఉన్న చేప, నీటి మీద ఉన్న మనిషి, అన్నీ అలాగే బిగుసుకుపోయాయి. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మేకు కొట్టిన శంకుమాలి కూడా బిగుసుకుపోయాడు. అంత విద్య నేర్చినవాడు తాను నిలబడిన చోటు మాత్రం చూసుకోలేదు.

ఆ వేళ నది నడుమ ఒక పడవ ఉంది. అందులో పోలయ్య అనే పడవవాడు తెడ్డు పైకెత్తి ఉన్నాడు. తల్లి లేని అతడి కూతురు చెంగల్వ గట్టు మీద కూర్చుని ఉంది. అప్పటికి ఆ పిల్లకు పాలపళ్ళు కూడా ఊడలేదు. "ఈ బండి తోలుకుంటా ఉండమ్మా, అవతలి రేవుకు పోయి ఇట్టే వచ్చేస్తా" అని తాటిబుర్రల బండి ఒకటి చేసి చేతిలో పెట్టి పోయాడు. ఆ ఎత్తిన తెడ్డు మళ్ళీ నీటిలో పడలేదు.

ఏళ్ళు గడిచాయి. చెంగల్వను మేనత్త సూరమ్మ పెంచింది. ఆ పిల్ల రోజూ గట్టు మీదికి వెళ్ళి తండ్రిని చూసేది. ఆయన అవతలి రేవు వైపు తిరిగి నిలబడ్డాడు కనుక వీపు మాత్రమే కనిపించేది. క్రమంగా ఆయన ముఖం ఎలా ఉండేదో మరిచిపోయింది. ఆ సంగతి అత్తకు చెప్పడానికి కూడా ఆమెకు సిగ్గుగా ఉండేది.

మొదట్లో ఊరంతా సంబరపడింది. వరద లేదు, ఎద్దడి లేదు. నీటి అంచుదాకా ఇళ్ళు కట్టుకున్నారు. తరువాత నీటి మీద పచ్చని తెట్టె కట్టింది. కాలువల్లోకి చుక్క రాలేదు. ప్రాణమున్నది ఏది నదిని తాకినా అక్కడే నిలిచిపోయేది. కుండలకు తాళ్ళు కట్టి తోడుకున్న నీటికి ఆ పట్టు ఉండేది కాదు గాని, అది తాగిన పిల్లలకు జ్వరాలు పట్టుకునేవి. ప్రతి వీధిలోనూ ఒక మూలుగు వినిపించేది. మేకు లాగమనడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. ఇన్నేళ్ళ నీరు కనుమ వెనుక పేరుకుని ఉంది. అది ఒక్కసారిగా వస్తే?

చివరికి రాజు చాటింపు వేయించాడు. "మేకు లాగితే నీరు ఎంతవరకు వస్తుందో కనుక్కుని వచ్చినవారికి, వారసులు లేని నా రాజ్యం ఇస్తాను. వారు చెప్పినంత ఎత్తు కట్ట పెంచి, అప్పుడు మేకు లాగిద్దాం." రాజకుమారులు వచ్చారు, పండితులు వచ్చారు, అందరూ కనుమకు వెళ్ళారు. ఒక్కడూ తిరిగి రాలేదు.

ఒక ఉదయం చెంగల్వ గట్టు మీదికి వెళ్ళేసరికి తండ్రి నిలబడిన పడవ ఒక పక్కకు ఒరిగి ఉంది. మనిషికి ముసలితనం రాలేదు గాని, పడవకు వచ్చింది. చెక్క పుచ్చి, అంచు నీటికి జానెడు ఎత్తులోకి దిగింది. ఇంకొన్నాళ్ళకు ఆ పడవ విడిపోయి ఆయన నది అడుక్కి దిగిపోతాడు. ఆ తరువాత ఎవరు ఏ మేకు లాగినా లాభం లేదు.

"నేను పోతానత్తా" అంది చెంగల్వ.

సూరమ్మ గేదెకు కుడితి కలుపుతోంది. తల ఎత్తలేదు. "యాడికే? కిరీటాలు పెట్టుకున్నోళ్ళే పోయి రాళ్ళయినారంట. నువ్వు పోయి ఏం చేస్తావ్?"

"మరి నాన్న మునిగిపోతాడుగా."

అత్త చేయి తొట్టిలోనే ఆగిపోయింది. ఒకప్పుడు ఆ తొట్టి వారి ఇంటి దోనె. "అటుకులు మూటగడతాను. దారిలో ఎవరికీ పంచిపెట్టమాక" అని లేచి లోపలికి వెళ్ళింది.

చెంగల్వ నది వెంట పైకి నడిచింది. పాయలు చీలే చోట మెట్టవూళ్ళ జనం కనిపించారు. నది ఎటూ కదలదు గదా అని, ఎండిన పాయలకు అడ్డంగా ఎర్రమట్టి కట్టలు పోసుకుని, అందులో వాన నీరు నిలుపుకుంటున్నారు. చెంగల్వకు వాళ్ళు చల్లని నీళ్ళు ఇచ్చారు. ఆమె తాగి, దండం పెట్టి ముందుకు సాగింది. ఆ ఎర్రకట్టల గురించి మళ్ళీ ఆలోచించలేదు. మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి.

అడవి మొదలయ్యే చోట ఎవరో పిలిచారు. "ఓ పిల్లా! మూటలో వాసనొస్తోంది, అటుకులేనా?"

ఒడ్డున ఒక నీటికుక్క ఉంది. ముంగిసలా పొడుగ్గా, నున్నగా ఉండి చేపలు పట్టుకు తినే జంతువు అది. దాని ముందరి సగం గట్టు మీద ఉంది, వెనక సగం నీటిలో ఉంది. నది నిలిచిపోయిన క్షణాన అది గట్టెక్కుతోంది పాపం. ముందు సగం ఆకలితో అల్లాడుతోంది, వెనక సగం బిగుసుకుపోయి ఉంది.

"చేపలు కావాలి గాని అటుకులు నీకెందుకు?" అంది చెంగల్వ.

"చేపలు ఉన్న వైపుకు నా తోకే ఉంది, నోరు లేదు" అంది నీటికుక్క.

అత్త మాట గుర్తొచ్చినా, చెంగల్వ సగం అటుకులు దాని ముందు పోసింది. అది ఒక్క గింజ మిగల్చకుండా తిని, గొంతు తగ్గించి చెప్పింది. "నా నోరు పనికిరాకపోయినా నా తోక పనికొస్తుంది. ఈ మధ్య నీళ్ళు లోలోపల వణుకుతున్నాయి. పైన మేకు కదులుతోంది పిల్లా. ఎవరూ లాగకుండానే అది ఊడుతుంది. ఎప్పుడని అడగకు. రేపో, నీ మనవల కాలానికో."

మేకు లాగకపోతే ఊరు క్షేమం అని అందరూ అనుకుంటున్నారు. ఆ క్షేమం కూడా లేదన్నమాట.

అడవి నడుమ ఒక పుట్టలో ముని ఒకడు కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నాడు. చెంగల్వ నమస్కరించి తాను వచ్చిన పని చెప్పగానే ఆయన చేతులు తీసి నిట్టూర్చాడు.

"తల్లీ, మబ్బును చూసి వాన చెప్పగలను. మీ రాజు తాతగారికి ఒకసారి చెప్పాను, వరద చింతతోపు దాకా వస్తుందని. నిజమే చెప్పాను. వాళ్ళు భయపడి చింతతోపు దాటి గుట్ట వాలులో ఇళ్ళు కట్టుకున్నారు. ఆ ఇళ్ళ కోసం గుట్ట మీది అడవి నరికారు. ఆపడానికి చెట్టు లేక వాన నీరంతా ఒక్కసారే కిందికి దొర్లి, చింతతోపు దాటి పోయింది. మునీశ్వరుడు అబద్ధమాడాడన్నారు. ఆనాటి నుంచి నోరు మూసుకున్నాను."

"మీరు చెప్పకపోయి ఉంటే చింతతోపు దగ్గరే ఆగేదా స్వామీ?"

"అదీ తెలియదు. చెప్పకపోతే ఇంకేం చేసేవారో!" అని ముని కనుమకు దారి చూపి, మళ్ళీ నోరు మూసుకున్నాడు.

కనుమలో ఎండ పడదు. అక్కడ నీరు గోడలా నిలబడి ఉంది. దాని కొన చూడాలంటే మెడ వెనక్కి విరవాలి. ఆ గోడ లోపల ఏళ్ళ తరబడి వచ్చిన చెట్లు, జింకలు, ఒక ఊరి గుడిసెలు వేలాడుతూ కనిపించాయి. గోడ మొదట్లో శంకుమాలి సుత్తి పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు. అతడి పక్కన కొండంత భూతం కూర్చుని ఉంది. దాని చుట్టూ రాళ్ళు. ఒక్కొక్క రాయికి ఒక్కొక్క మనిషి ముఖం.

"వచ్చావా! అడగనా?" అంది భూతం విసుగ్గా. "ఈ మేకు లాగితే నీళ్ళు మీ ఊళ్ళో ఎంతవరకు వస్తాయి? సరిగ్గా చెబితే మేకు నీది. తప్పు చెబితే రాయివి. మేకు కొట్టేముందు ఈ శంకుమాలి నాకు పెట్టిన ఆన ఇది."

చెంగల్వ అడిగింది. "తప్పో, ఒప్పో నీకెలా తెలుస్తుంది?"

"నాకు కనబడుతుంది. అదిగో ఆ రాజకుమారుడు, కోట మూడో మెట్టు దాకా అన్నాడు. ఆ మాట వింటే మీవాళ్ళు కట్టను అంత ఎత్తూ పెంచేవాళ్ళు. ఇరుకున పడ్డ నీళ్ళు పైకి తన్నుకుని బురుజులు ఎక్కేవి. తప్పు! ఈ పండితుడు పాదాలు తడుస్తాయి, అంతే అన్నాడు. ఆ మాట వింటే మీవాళ్ళు నది ఇసుకలోనే పందిళ్ళు వేసుకునేవాళ్ళు. తప్పు! ఇంకొకడు ఊరంతా మునుగుతుందన్నాడు. అది విని జనం ఊరొదిలి పోతే, మునగడానికి ఊరేదీ? అదీ తప్పే."

చెంగల్వ ఆ రాళ్ళ ముఖాలను ఒక్కొక్కటే చూసింది. ఎంతో చదువుకున్నవాళ్ళు, ఎంతో ధైర్యవంతులు. వాళ్ళకు తెలియనిది తనకెలా తెలుస్తుంది? తండ్రి ఒరిగిన పడవ కళ్ళలో మెదిలింది. ఏదో ఒకటి అనేద్దామనిపించింది కూడా.

"నేను ఏది చెప్పినా, ఆ మాట విన్న మావాళ్ళు ఊరకే ఉండరు" అంది చివరకు. "వాళ్ళు ఏదో ఒకటి చేస్తారు, దాంతో నీళ్ళ దారి మారుతుంది. కాబట్టి ఎంతవరకు వస్తాయో నాకు తెలియదు. అవి ఎంత వచ్చినా మేం దోనెల్లో ఉంటాం. ఇది మటుకు మావాళ్ళకు చెప్పగలను. ఇదే నా జవాబు. ఇప్పుడు చూడు, ఏం కనబడుతోంది?"

భూతం కళ్ళు చికిలించి నీటి గోడలోకి చూసింది. చాలాసేపు చూసింది. "తేటగా లేదు. ఒకసారి ఊరు తేలుతోంది, ఒకసారి మునుగుతోంది. ఒకసారి సగం సగం." దాని గొంతు మొదటిసారి మెత్తబడింది. "నువ్వు చెప్పింది తప్పని అనలేకున్నాను. తప్పు కానప్పుడు రాయిని చేయలేను."

"మా నాన్న బతుకుతాడా?"

"ఒక్కోసారి" అంది భూతం.

చెంగల్వ ఏడ్చింది. భూతం ఆమెను ఏడ్వనిచ్చి, తరువాత ప్రాణం లేని తన చేతిని గోడ అడుగున పెట్టి చూపింది. మేకు తుప్పు పట్టి చీపురు పుల్లంత సన్నగా మిగిలింది. భూతం తన జడలోంచి ఒక వెంట్రుకను పీకి, దాని ఒక కొనను మేకుకు ముడివేసి, రెండో కొన ఆమె చేతిలో పెట్టింది. "ఎంత దూరం పోతే అంత పొడుగు సాగుతుంది. ఎప్పుడు లాగాలో నువ్వే చూసుకో. నేను ఆ పాపం మొయ్యలేను."

ఆ వెంట్రుక పట్టుకుని చెంగల్వ తిరిగి వచ్చింది. కోటలో సభ తీరింది. ధృతకీర్తి ఎముకల గూడులా సింహాసనం మీద ఒదిగి ఉన్నాడు.

"ఎంత వస్తుంది?" అన్నాడు.

"తెలియదు మహారాజా."

సభ గొల్లున నవ్వింది. ఒక మంత్రి, "తెలియదని చెప్పడానికి అంత దూరం పోవాలా? ఇక్కడే ఉండి చెప్పవచ్చుగా!" అన్నాడు. చెంగల్వ నవ్వులు ఆగేదాకా ఉండి, మేకు తుప్పు పట్టిన సంగతీ, తోకతో వణుకు కనిపెట్టిన నీటికుక్క సంగతీ చెప్పింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

రాజు మెల్లగా అన్నాడు. "నా బిడ్డలను తీసుకుపోయిన నీళ్ళమ్మా అవి. మళ్ళీ రమ్మని నా నోటితో పిలవమంటావా?"

"మీ బిడ్డలను నీళ్ళు తీసుకుపోయాయి. నా తండ్రిని మీరు ఆపేశారు. నాకు మీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. మేకు మనల్ని అడిగి విరగదు మహారాజా. మనం సిద్ధపడ్డాక లాగుదాం, లేకపోతే జనం నిద్రలో ఉండగా విరుగుతుంది."

ముసలి రాజు కళ్ళు తుడుచుకుని తల ఊపాడు.

అంతటితో ఊరు మారిపోయిందనుకోకండి. సణిగినవాళ్ళు సణిగారు, తిట్టినవాళ్ళు తిట్టారు. అయినా గొడ్డళ్ళు లేచాయి. కుడితి తొట్లు కడిగి, కన్నాలకు గుగ్గిలం మెత్తి, మళ్ళీ వసారా దూలాలకు కట్టారు. తొట్లు లేనివారు కొత్త మానులు తొలిపించుకున్నారు. సూరమ్మ మాత్రం చివరిదాకా పేచీ పెట్టింది. "నా గేదె దేంట్లో తాగుద్ది? నీ దోసిట్లోనా?" అని గయ్యిమంది. ఆఖరికి తానే పీచుతో రుద్ది రుద్ది తోమి దోనె కట్టించింది. దాని అంచు నిండా గేదె పళ్ళ గాట్లు.

మంచాన ఉన్నవారినీ, చంటిపిల్లలనూ ముందే గుట్ట మీదికి చేర్చారు. ఒక ఉదయం తక్కినవాళ్ళంతా కూడా అక్కడ చేరారు. ఇళ్ళ దోనెలను మోయగలిగినవారు మోసుకొచ్చారు. రాజు చెంగల్వతో, "నా నోటితో ఆపించాను. నీ చేత్తో వదులు" అన్నాడు. ఆమె నది నడుమ ఉన్న తండ్రి వీపును చూస్తూ వెంట్రుకను లాగింది.

తెట్టె పగిలింది. తరళ ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. పోలయ్య ఎత్తిన తెడ్డు నీటిలో పడింది. చెంగల్వ కేక వేసింది గాని, ఆయనకు వినబడలేదు. పుచ్చిన పడవ గిర్రున తిరిగి, వంపు దాటి కనుమరుగైంది.

నీరు పెరిగింది. నీటి అంచు ఇళ్ళ దగ్గర పాదాలదాకా, చీలమండలదాకా. మిట్టమధ్యాహ్నానికి అక్కడే ఆగింది. జనం ఎదురు చూశారు. ఎండ మాడుతోంది, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. "ఇంతేనా? ఈ మాత్రానికా ఇంత హడావుడి!" అన్నారు. రాజు కూడా నదిని చూసి, ఏళ్ళ భారం దిగినట్టు నవ్వి, "ఇంటికి పోవాలనుకునేవారు పోవచ్చు" అన్నాడు.

చెంగల్వ వద్దంది. ఎందుకు వద్దని అడిగితే మాత్రం చెప్పలేకపోయింది. దిగేవాళ్ళు దిగారు.

"నేనూ ఒకసారి పోయొస్తానే" అంది సూరమ్మ. "గేదెను పాకలో కట్టేసొచ్చా. దాహానికి అల్లాడిపోతా ఉంటది. ఆ తొట్టి నేనే ఈడ్చుకుపోతాలే, దానికి అందులో తప్ప నోరానదు."

"రేపు పోదువులే అత్తా."

"రేపటిదాకా నువ్వు దాహంతో ఉండు చూద్దాం" అని దోనెను ఈడ్చుకుంటూ వాలు దిగి వెళ్ళింది.

పొద్దు వాలుతుండగా నీటి రంగు మారింది. ఎర్రగా వస్తోంది. చెంగల్వ దాన్ని చూస్తూనే ఉంది, మొదట ఏమీ తోచలేదు. తరువాత గుర్తొచ్చింది. ఎర్రమట్టి! మెట్టవూళ్ళ కట్టలు! కనుమ నుంచి వచ్చిన నీరంతా ఇంతసేపూ ఆ పాయల్లో నిండుతోంది. ఇప్పుడు ఆ కట్టలు కరుగుతున్నాయి. ఆ ఊళ్ళ వాళ్ళకు ముందే చెప్పి ఉండాల్సింది. వాళ్ళ నీళ్ళు తాగి కూడా ఆమెకు ఆ మాట తట్టలేదు.

"పైకి రండి! అందరూ పైకి రండి!" అని గొంతు చించుకుని అరిచింది.

ముందుగా అర్థమైంది రాజుకే. పొమ్మన్న నోరు తనది. ఎవరూ ఆపకముందే ఒక దోనె ఎక్కి తెడ్డు అందుకున్నాడు. కింది వీధుల్లోంచి పిల్లలను, ముసలివాళ్ళను ఎక్కించుకుని గుట్టకు చేర్చాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ చేర్చాడు. ఇంతలో కట్టలన్నీ ఒకదాని వెనుక ఒకటి తెంచుకున్న నీరు, ఊరి కట్టను ఆనవాలు లేకుండా చేస్తూ వచ్చి పడింది. దోనెలు దగ్గరున్నవారు తేలారు. దోనెలు వదిలి ఇళ్ళకు పోయినవారిలో చాలామంది తేలలేదు. రాజు మరి కనిపించలేదు. సూరమ్మ కూడా కనిపించలేదు.

నీరు తీసింది. ఊరంతా బురద. చెంగల్వ గట్టు ఉండిన చోటికి వెళ్ళి కూర్చుంది. చూడడానికి నది నడుమ ఇప్పుడు వీపు కూడా లేదు. మేకు లాగిన చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూసుకుంటూ ఉండిపోయింది. మెట్టవూళ్ళ నుంచి వచ్చిన బాటసారి ఒకడు, కనుమ దగ్గర రాళ్ళు మనుషులై లేచారనీ, సుత్తి పట్టుకున్న మాంత్రికుడు మాత్రం నీళ్ళలో కొట్టుకుపోయాడనీ చెప్పాడు. మెట్టవూళ్ళ జనం కట్టలు తెగేముందు దిబ్బలెక్కి బతికారట. చెంగల్వ ఆ ఒక్కమాటకు తల ఎత్తింది.

అప్పుడు దిగువ నుంచి ఒక దోనె ఏటికి ఎదురు వస్తూ కనిపించింది. ముందు ఒక నీటికుక్క దారి చూపుతూ ఈదుతోంది. ఈసారి దాని తోక, నోరు రెండూ ఒకే వైపు ఉన్నాయి. దోనెలో ఒక మనిషి గెడ వేస్తున్నాడు. ఒడ్డుకు వచ్చి, దోనె లాగి, చుట్టూ చూసి తెల్లబోయాడు. అతడి తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు.

"ఏం మాయదారి ఏరమ్మా ఇది! తెడ్డు ఎత్తి దించేలోగా నా పడవ పిండయిపోయింది" అన్నాడు. "ఈ దోనె కొట్టుకొస్తా ఉంటే పట్టుకున్నా. చూస్తే మా అక్కోళ్ళ గేదె తొట్టే. ఎవరో మళ్ళా దోనె చేసినారు. ఇంతకీ అమ్మా, ఈడ ఒక చిన్నపిల్ల కూర్చుని ఉండాల. తాటిబుర్రల బండి పట్టుకుని ఉంటది. చూశావా?"

చెంగల్వ ఆ ముఖంలోకి చూసింది. కనుబొమ నడుమ చిన్న మచ్చ, నవ్వితే వంకర పోయే పెదవి. ఇదా, ఇన్నేళ్ళూ గుర్తు రాని ముఖం! ఆమె నడుముకు కట్టుకున్న మూట విప్పి, బుర్రలు ఎప్పుడో చితికిపోగా మిగిలిన బండి పుల్లను తీసి చూపింది.

పోలయ్య ఆ పుల్లను చూశాడు. ఆమెను చూశాడు. తరువాత దోనె అంచున తానెరగనన్ని పళ్ళ గాట్లను చూశాడు. "ఎంతసేపు పోయానమ్మా నేను?" అని అడిగి, జవాబు వినకుండానే బురదలో కూలబడ్డాడు. అక్క ఏదని అడగడానికి అతడికి చాలాసేపు పట్టింది.

పట్టపుటేనుగు వరదలో పోయింది కనుక పూలమాల వేసి రాజును ఎన్నుకునే దిక్కు లేదు. మేకు దగ్గరికి పోయి జవాబుతో తిరిగి వచ్చింది ఆమె ఒక్కతే గనుక, రాజు మాట ప్రకారం జనమే వచ్చి చెంగల్వను సింహాసనం ఎక్కించారు. తమవారిని పోగొట్టుకున్న కొందరు రాలేదు. ఆమె వారిని తప్పుపట్టలేదు. కట్ట మళ్ళీ పోయించలేదు. నదికి చోటు వదిలి, ఊరిని వెనక్కి జరిపింది. మెట్టవూళ్ళ వాళ్ళతో ఒక కట్టుబాటు చేసుకుంది. వాళ్ళు కట్ట వేసినా, తీసినా ముందు మనిషిని పంపాలి.

ఏటా తొలకరికి ముందు జనం కోట ముందు చేరి, "తల్లీ, ఈ ఏడు నీళ్ళెంత వస్తాయి?" అని అడుగుతారు. పొరుగు రాజ్యాల వాళ్ళు ఆ జవాబు విని నవ్వుకుంటారు.

"తెలియదు" అంటుంది చెంగల్వ. "మీ దోనెలు చూపించండి."

అప్పుడు పోలయ్య ఇంటింటికీ వెళ్ళి, వేలి కణుపులతో దోనె అడుగు తట్టి, చప్పుడు వింటాడు. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చుంటారు. కోట వసారాలో మాత్రం పళ్ళ గాట్లున్న పాత దోనె ఒకటి వేలాడుతూ ఉంటుంది. తండ్రీ, కూతురూ అందులో ఒక చివరికి ఒదిగి కూర్చుని, మూడో మనిషికి చోటు వదులుతారు.